పక్షవాతం వచ్చిన ఉద్యోగికి ఇన్వాలిడ్ పెన్షన్: ముందు ఏ కాగితం పెట్టాలె?

పరకాల_తమ్ముడు:
మా అన్న సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. వయసు 54, 2001లో చేరిండు, పాత పెన్షనే. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది, కాలు ఈడుస్తడు. మాట, మతి బాగనే ఉన్నయి. సదరం (వికలాంగుల సర్టిఫికెట్) పరీక్షలో వైకల్యం 60 శాతం వచ్చింది. 10 నెలల నుంచి ఇంట్లనే ఉంటున్నడు. "రిటైర్మెంట్ పెట్టుకో, కొడుక్కు ఉద్యోగం వస్తది" అంటున్నరు అందరు. ఇన్వాలిడ్ పెన్షన్ (జబ్బుతో పని చేయలేక ముందే రిటైరైతే వచ్చే పెన్షన్) దరఖాస్తు ఎక్కడ పెట్టాలె? పెన్షన్ ఎంత వస్తది?

ఎస్టాబ్లిష్‌మెంట్_సీటు:
దరఖాస్తు సంగతి తర్వాత. ముందు మీ అన్నను ఏ రిటైర్మెంట్ కాగితం మీదా వేలిముద్ర వేయొద్దనండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 20(4) చదవండి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగిని తీసేయడానికి గానీ, హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. ఇప్పుడున్న సీటు చేయలేకపోతే అదే స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి. అదీ లేకపోతే ఖాళీ దొరికేదాకా, లేదా రిటైర్మెంట్ వయసు వచ్చేదాకా సూపర్‌న్యూమరరీ పోస్టులో (ఉన్న పోస్టులకు అదనంగా సృష్టించే పోస్టు) ఉంచాలి. 1995 చట్టం సెక్షన్ 47లోనూ ఇదే ఉండేది. ఇన్వాలిడ్ పెన్షన్ ఇచ్చేసినా ఆ రక్షణ పోదని 2003లో కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అక్కడిదాకా పోయి కొట్లాడే కన్నా ఇప్పుడే అడగడం మేలు.

తెలంగాణలో రిటైర్మెంట్ వయసు 61. అంటే 7 ఏళ్ల పూర్తి జీతం ఉంది. మతి, మాట బాగున్న మనిషి ఇన్‌వార్డు సీటో (వచ్చిన కాగితాలు నమోదు చేసేది), ఫైళ్లు చూసే సీటో చేయగలడు. సెక్షన్ 20(4) పేరు రాసి తేలికపాటి పోస్టు కోరుతూ ఆఫీసు హెడ్డుకు అర్జీ పెట్టండి, డూప్లికేట్ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర లేని అర్జీ అర్జీ కాదు.

రూల్_37:
పై సలహా సరే. అయినా పని చేయలేను అనుకుంటేనే ఇన్వాలిడ్ పెన్షన్. పెన్షన్ రూల్స్ 1980లో 37వ రూలు. ఇక్కడ జనం చేసే మొదటి తప్పు, సదరం సర్టిఫికెట్ జతచేసి పంపడం. శాతానికీ దీనికీ సంబంధం లేదు. 80 శాతం ఉన్నవాళ్లు ఉద్యోగాలు చేస్తున్నరు. రూలు అడిగేది "సర్వీసుకు శాశ్వతంగా అశక్తుడు" అన్న మెడికల్ సర్టిఫికెట్.

నేరుగా ఆసుపత్రికి పోతే అది ఇవ్వరు. ఉద్యోగి పరీక్షకు వస్తున్న సంగతి తనకు తెలుసని ఆఫీసు హెడ్డు లెటర్ ఇవ్వాలి. దాంతోపాటు సర్వీసు రిజిస్టరులో ఉన్న వయసునూ రాసి పంపాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ వేరేగా ఉంటే ముందే చూసుకోండి, రిజిస్టరుదే లెక్క. ఎంఆర్ఐ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు, ఫిజియోథెరపీ కాగితాలు తేదీల వరుసలో పెట్టుకోండి.

సర్టిఫికెట్ చేతికి రాగానే మాటలు చదవండి. "శాశ్వతంగా" అన్న పదం లేకపోతే ఫైలు వెనక్కి వస్తది. "తేలికపాటి పనికి పనికొస్తడు" అని రాస్తే ఇన్వాలిడేషన్ కాదు, ముందు ఆ పని చూపించాలి. అదే కాగితం సెక్షన్ 20(4) అర్జీకి మీ చేతిలో ఆయుధం. డ్యూటీలో ఉన్నవాళ్లకు రిలీవ్ చేసిన రోజు నుంచి, సెలవులో ఉన్నవాళ్లకు ఆ సెలవు అయిపోయిన నాటి నుంచి ఇన్వాలిడేషన్ లెక్క.

హన్మకొండ_లెక్కలు:
అందాజా లెక్క, వెయిటేజీ (అదనంగా కలిపే సర్వీసు) కలపకుండా. ఆఖరి బేసిక్ 60,000 అనుకుందాం. 24 ఏళ్లు అంటే 48 అరసంవత్సరాలు, పూర్తి పెన్షన్‌కు 66. 60,000 × 48 ÷ 66 లో సగం, అంటే నెలకు సుమారు 21,818, దాని మీద డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం). గ్రాట్యుటీకి ప్రతి అరసంవత్సరానికి పావు నెల జీతం, డీఏ కలిపి. బేసిక్ మీదనే 7,20,000 అయితది, గరిష్ఠం 16 లక్షలు. ఈఎల్ (ఆర్జిత సెలవు) నిల్వ 300 రోజుల వరకు నగదు చేసుకోవచ్చు. 10 ఏళ్ల సర్వీసు లేనివాళ్లకు నెలవారీ పెన్షన్ ఉండదు, సర్వీసు గ్రాట్యుటీనే.

20 ఏళ్లు దాటింది కదా అని వాలంటరీ రిటైర్మెంట్ పెట్టమని కూడా ఎవరో ఒకరు చెప్తరు. అట్ల పోతే కొడుకు కారుణ్య నియామకం మాట మరిచిపోండి.

ఎస్టాబ్లిష్‌మెంట్_సీటు:
కొడుకు ఉద్యోగం సంగతి కూడా. భూపాలపల్లి దిక్కు సింగరేణి గనుల్ల మెడికల్ అన్‌ఫిట్ అయినోళ్ల కొడుకులకు ఉద్యోగం రావడం చూసి, సర్కారులోనూ అంతే అనుకుంటరు. ఇక్కడ అది హక్కు కాదు. కనీసం 5 ఏళ్ల సర్వీసు మిగిలి ఉండాలె, జబ్బు తీవ్రతను కమిటీ ఒప్పుకోవాలె. నియామకం వస్తదని నమ్మి జీతం వదులుకోవడం తెలివి కాదు.

పరకాల_తమ్ముడు:
10 నెలల సెలవుకు అర్జీ ఒక్కటే ఇచ్చినం, అదీ మొదటి రెండు నెలలకే. కుడి చెయ్యితో సంతకం కూడా రాదు.

రూల్_37:
అసలు ప్రమాదం అదే. అనుమతి లేని గైర్హాజరు ఏడాది దాటితే రాజీనామా చేసినట్టు భావించే నిబంధన ఉంది. మొదటి రెండు నెలల సెలవు మంజూరై ఉంటే మీకు 4 నెలలు, కాకుంటే 2 నెలలే ఉన్నది. మిగిలిన 8 నెలలకు మెడికల్ సర్టిఫికెట్లతో ఈ వారమే అర్జీ పెట్టండి. ఈఎల్, హాఫ్ పే లీవు ఎంతున్నదో రిజిస్టరులో చూపించమనండి. కమ్యూటెడ్ లీవు (హాఫ్ పే లీవును పూర్తి జీతం సెలవుగా మార్చుకునేది) మొత్తం సర్వీసులో 240 రోజులే, రోజుకు రెండు హాఫ్ పే తీసేస్తరు. అవీ చాలకపోతే జీతం లేని సెలవు పెట్టండి, అయితే "వైద్య కారణాల మీద" అని రిజిస్టరులో రాయించండి. ఆ రెండు ముక్కలు లేకపోతే పెన్షన్ సర్వీసు లెక్కలో కొర్రీ పడుతది.

సంతకం రాకపోతే ఎడమ బొటనవేలి ముద్ర, గెజిటెడ్ అధికారి అటెస్టేషన్. పెన్షన్ కాగితాల్లోనూ అదే చెల్లుతది. బ్యాంకు ఖాతా వదినతో జాయింటుగా మార్పించండి.