కన్నబిడ్డ, దత్తత బిడ్డ కలిసి పెరుగుతున్న ఇంట్లో: గుమ్మం మీది గీతల గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: ఇద్దరి తల్లి

నాకు తొమ్మిదేళ్ల బాబు, నాలుగున్నరేళ్ల పాప ఉన్నారు. బాబు నా కడుపున పుట్టాడు. పాప రెండేళ్ల రెండు నెలల వయసులో దత్తత ద్వారా మా దగ్గరకు వచ్చింది. పుట్టిన కొద్ది రోజుల నుంచి అప్పటివరకు ఒక శిశు సంరక్షణ కేంద్రంలో పెరిగింది. ఈ విషయాన్ని మేము ఇంట్లో ఎప్పుడూ దాచలేదు, పాపకు కూడా పడుకునే ముందు కథలా చెబుతూనే ఉన్నాం. అయినా పోయిన నెల జరిగిన ఒక చిన్న సంఘటన తర్వాత నా మనసు కుదుటపడటం లేదు.

మా పడకగది గుమ్మం చెక్క మీద ఏటా పుట్టినరోజున బాబు ఎత్తును పెన్సిల్‌తో గీసి, పక్కన తేదీ వేయడం మాకు మొదటి నుంచీ అలవాటు. పాప వచ్చాక గుమ్మానికి రెండో వైపున తనకూ గీతలు మొదలుపెట్టాం. పోయిన నెల గీత గీయడం పూర్తయ్యాక పాప నేల మీద కూర్చుని, అన్నయ్య గీతల్లో అన్నిటికన్నా కిందిదాని మీద వేలు పెట్టింది. తర్వాత తన వైపు చెక్కను అదే ఎత్తులో తడిమి చూసి, "నేను ఇక్కడ ఎందుకు లేను?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే బాబు, "నువ్వు అప్పుడు మా ఇంట్లో లేవు కదా" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు, కోపంగానూ అనలేదు. కానీ "మన ఇల్లు" అనవలసిన చోట "మా ఇల్లు" అన్న ఆ ఒక్క అక్షరం నాకు ముల్లులా గుచ్చుకుంది. పాప ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రే, తన లెక్కల పుస్తకంలో రెండు పేజీలు పాప చింపిందని తెలిసి, బాబు ఏడుస్తూ, "పాపను మళ్లీ పంపించేయొచ్చు కదా అమ్మా" అన్నాడు. నేను వాడిని చాలా గట్టిగా మందలించాను. వాడు దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ మందలింపే పెద్ద తప్పేమో అనిపిస్తోంది.

వచ్చిన కొత్తలో పాప అసలు ఏడ్చేది కాదు, ఎవరు చేతులు చాపినా వెళ్లేది. చూసినవాళ్లంతా "ఎంత మంచి పిల్ల" అన్నారు. దాదాపు ఏడాది గడిచాక పరిస్థితి తలకిందులైంది. నేను బాబు పక్కన కూర్చుంటే చాలు, మా ఇద్దరి మధ్యకు దూరి వాడిని కాళ్లతో నెడుతోంది. నేను వేరే గదిలోకి వెళితే ఏడుపు అందుకుంటుంది. మరోవైపు, ఉరుము ఉరిమితే తను పరుగెత్తేది నా దగ్గరకు కాదు, అన్నయ్య దగ్గరకే; వాడు కూడా విసుక్కోకుండా రెండు చేతులతో తన చెవులు మూసి పట్టుకుంటాడు. ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ, మేము తీసుకున్న నిర్ణయం మంచిదేనని నా మనసు చెబుతుంది.

ఇద్దరినీ సమానంగా చూడటమంటే ఏమిటి? ఆ గుమ్మం దగ్గరి ప్రశ్నకు నేను ఏమని జవాబు చెప్పవలసింది? అనుభవం ఉన్నవారు దయచేసి రాయండి.

జవాబు 1: దత్తతకు వెళ్లి పెరిగినవాడిని

అమ్మా, నాకిప్పుడు నలభై దాటాయి. పది నెలల వయసులో నన్ను దత్తత తీసుకున్నారు. అమ్మానాన్నలకు పుట్టిన అన్నయ్య నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు. మీ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మా అమ్మానాన్నలు మా ఇద్దరి మధ్య ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అన్నట్టు ఎన్నడూ చూడలేదు. చొక్కా కొంటే ఒకే గుడ్డలో రెండు, పుస్తకాల సంచి కొంటే ఒకే రంగులో రెండు. అయితే ఆ సమానత్వాన్ని కాపాడటం కోసమే వారు అసలు విషయాన్ని నాకు చెప్పలేదు. పదమూడేళ్లప్పుడు ఆటలో వచ్చిన తగాదాలో ఒక బంధువుల అబ్బాయి నోటి వెంట అది బయటపడింది. నన్ను దత్తత తీసుకున్నారన్న మాట కన్నా, ఇంట్లో నేను తప్ప అందరికీ ఆ సంగతి తెలుసన్న మాటే నన్ను ఎక్కువగా కుదిపివేసింది. ఆ రోజు నుంచి ఇంటికి వచ్చిన ప్రతివారి మాటనూ చెవులు రిక్కించి వినడం అలవాటైంది. "పెద్దవాడు అచ్చం తండ్రి పోలిక" అని ఎవరైనా అనగానే గదిలో పడే ఆ క్షణకాలపు నిశ్శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

హెచ్. డేవిడ్ కర్క్ అనే సమాజ శాస్త్రవేత్త తాను కూడా దత్తత తండ్రే. దత్తత కుటుంబాలను పరిశీలించి 1964లో ఆయన చెప్పిన విషయం నాకు పెద్దయ్యాక చదివినప్పుడు ఎంతో ఊరట ఇచ్చింది. కొన్ని కుటుంబాలు తేడా ఏమీ లేనట్టే నడుచుకుంటాయి. మరికొన్ని ఆ తేడాను ఒప్పుకుని దాని గురించి మాట్లాడతాయి. తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్య మాట సాగేది రెండో రకం ఇళ్లలోనే అని ఆయన వాదన. మీ ఇల్లు ఆ రెండో రకానిది. ఆ ప్రశ్నను పాప మనసులో దాచుకోకుండా నేరుగా మీ ముందే అడగగలిగింది. నేను ఆ వయసులో అలా అడగలేకపోయాను.

గుమ్మం సంగతికి వస్తే, నాకు తోచిన మాట ఒకటి. సంరక్షణ కేంద్రం నుంచి మీకు ఇచ్చిన ఫైలులో ఆరోగ్య పత్రాలు ఉండే ఉంటాయి. వాటిలో బరువు, ఎత్తు, తల చుట్టుకొలత ఏదో ఒక తేదీన రాసి ఉండవచ్చు. ఒకసారి తీసి చూడండి. మీ ఇంట్లో లేని రోజుల్లో కూడా పాప ఎక్కడో ఒకచోట పెరుగుతూనే ఉంది. ఆ రోజులకు గుర్తు ఒక్కటి దొరికినా అది తనకు చాలా విలువైనది. నా ఫైలును నేను ముప్పై నాలుగేళ్ల వయసులో చూశాను. అందులో ఎనిమిదో నెలలో నా బరువు ఎంతో రాసి ఉంది. ఆ అంకెను నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను.

జవాబు 2: ఒక అక్క

నేను మీ అబ్బాయి స్థానంలో పెరిగినదాన్ని. నాకు ఏడేళ్లప్పుడు, మూడేళ్ల చెల్లి దత్తత ద్వారా మా ఇంటికి వచ్చింది.

"పంపించేయొచ్చు కదా" అన్న మాట నేను కూడా అన్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది కోపం ఒక్కటే కాదు. ఒక బిడ్డ తన చోటు విడిచి మరో ఇంటికి రావడాన్ని నేను కళ్లారా చూశాను. అలాంటప్పుడు అల్లరి చేస్తే నన్ను కూడా ఎక్కడికైనా పంపిస్తారేమో అన్న భయం లోపల ఉండేది. ఆ భయాన్ని మాటల్లో పెట్టే వయసు కాదు కాబట్టి, చెల్లిని పంపించమని అడిగి అమ్మ ఏమంటుందో చూశానన్నమాట. మా అమ్మ నన్ను తిట్టలేదు. "ఈ ఇంట్లోంచి ఎవరినీ ఎక్కడికీ పంపించం. చెల్లినీ పంపించం, నిన్నూ పంపించం" అని చెప్పి, నా పుస్తకానికి తనే అట్ట వేసి ఇచ్చింది. మందలించినందుకు మీరు బాధపడుతూ కూర్చోవద్దు. ఇదే మాట ఇప్పుడు చెప్పినా వాడికి అందుతుంది.

మరొక విషయం కూడా చెప్పాలి. "నువ్వు పెద్దదానివి, నువ్వే సర్దుకుపోవాలి" అన్న మాట నేను వందల సార్లు విన్నాను. చెల్లికి జరిగిన కష్టం ముందు నా చిరిగిన బొమ్మ గురించి మాట్లాడటమే తప్పన్నట్టు ఉండేది. దయచేసి మీ అబ్బాయికి ఆ మాట చెప్పకండి. వాడి లెక్కల పుస్తకం చిరిగిన బాధ నిజమైనదే. పాప ఎంత దుఃఖంలో ఉన్నా, ఆ పేజీలు అతికించేటప్పుడు తనను కూడా పక్కన కూర్చోబెట్టండి, టేపు పట్టుకోమనండి. వాడి వస్తువులకు పాప చేతికి అందని ఒక అర కేటాయించండి. రోజూ ఒక అరగంట వాడికి మాత్రమే ఇవ్వండి. ఆ సమయంలో పాపను వాళ్ల నాన్నగారు చూసుకోవాలి. పాప ఏడుస్తుంది. అయినా ఆపకండి, ఎందుకంటే అరగంట తర్వాత అమ్మ తిరిగి వస్తుందని తను నేర్చుకోవడానికి కూడా అదే దారి.

చెల్లికీ నాకూ ముఖాల్లో పోలిక లేదు. నవ్వు మాత్రం ఒకటేనని అందరూ అంటారు. ఇరవై ఏళ్లు ఒకే గదిలో ఒకరి మాటలకు ఒకరం నవ్వుతూ పెరిగినందువల్ల వచ్చిన పోలిక అది. నా పెళ్లి విషయంలో గానీ, నాన్నకు ఆపరేషన్ జరిగినప్పుడు గానీ, నేను మొదట ఫోన్ చేసింది దానికే.

జవాబు 3: పిల్లల మనస్తత్వ సలహాదారు

ఇరవై ఏళ్లుగా దత్తత కుటుంబాలతో పనిచేస్తున్నాను. పై ఇద్దరూ చెప్పిన మాటలు ఎంతో విలువైనవి. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పాలి, అది చివర రాస్తాను.

మొదట పాప ఏడుపు గురించి. రెండు మూడేళ్ల పిల్లలు తమను చూసుకునేవారికి దూరమైనప్పుడు మొదట గట్టిగా ఏడ్చి ఎదురుతిరుగుతారనీ, తర్వాత దిగులులో మునిగిపోతారనీ, చివరకు ఎవరితోనూ లోతైన ముడి లేనట్టు పైకి ప్రశాంతంగా కనిపిస్తారనీ జాన్ బౌల్బీ, జేమ్స్ రాబర్ట్‌సన్ 1950ల తొలినాళ్లలోనే వివరించారు. ఏడవని పిల్లను చూసి "మంచి పిల్ల" అనుకోవడం మనందరం చేసే పొరపాటు. మీ పాప ఇప్పుడు ఏడుస్తోందంటే, ఏడిస్తే వచ్చేవారు ఉన్నారని తనకు నమ్మకం కుదిరింది. ఎవరు చేతులు చాపినా వెళ్లిన పిల్ల ఈ రోజు "నా అమ్మ" అని పోట్లాడుతోంది. ఇది మీకు అలసట కలిగించే మార్పే గానీ, కోరుకోవలసిన మార్పు.

1989 తర్వాత రుమేనియాలోని అనాథ గృహాల నుంచి ఇంగ్లండు కుటుంబాలకు దత్తత వెళ్లిన పిల్లలను మైకేల్ రట్టర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. ఆరు నెలల వయసు దాటకముందే కుటుంబాల్లోకి వచ్చినవారు చాలావరకు ఇతర పిల్లల్లాగే ఎదిగారు. అంతకన్నా ఎక్కువ కాలం అక్కడ గడిపినవారిలో ఏకాగ్రత లోపించడం, కొత్తవారితో హద్దు లేకుండా చనువుగా ఉండటం వంటివి ఎక్కువగా, ఎక్కువ కాలం కనిపించాయి. ఆ గృహాలు అత్యంత దారుణమైన స్థితిలో ఉండేవి కాబట్టి మీ పాపకు ఆ ఫలితాలను నేరుగా అన్వయించకండి. కానీ తొలి రెండేళ్ల ముద్ర, ఇంటికి వచ్చిన రెండేళ్లలోనే చెరిగిపోవాలని కూడా ఆశించకండి.

ఇక గుమ్మం ప్రశ్న. పిల్లలు దత్తతను ఎలా అర్థం చేసుకుంటారనే విషయం మీద డేవిడ్ బ్రాడ్‌జిన్‌స్కీ, ఆయన సహచరులు 1984లో ఒక అధ్యయనం ప్రచురించారు. బడికి వెళ్లే వయసు రాని పిల్లలు "నన్ను దత్తత తీసుకున్నారు" అని ముద్దుగా చెప్పగలరు గానీ, ఆ మాటకు అర్థం వారికి ఇంకా తెలియదు. సుమారు ఆరేళ్లకు పుట్టడమూ దత్తత రావడమూ వేరువేరని గ్రహిస్తారు. ఎనిమిదేళ్లు దాటాక, తనను ఇక్కడ దగ్గరకు తీసుకోవడానికి ముందు మరొకచోట ఎవరో వదులుకున్నారని తెలుసుకుంటారు. కాబట్టి ఇప్పుడు పాప అడిగింది గీత గురించే. జవాబు కూడా గీత గురించే చిన్నగా చెప్పండి. "అప్పుడు నువ్వు వేరే చోట ఉన్నావు, అక్కడ నిన్ను చూసుకునేవాళ్లు ఉండేవారు, మేము నీకోసం ఇంకా రాలేదు" అంటే చాలు. ఇదే ప్రశ్న మూడు నాలుగేళ్ల తర్వాత మరింత బరువుతో తిరిగి వస్తుంది, ఆ సంభాషణ కోసం తలుపు తెరిచి ఉంచండి.

జాగ్రత్త ఏమిటంటే, ఫైలును బాబు ముందు మొత్తంగా విప్పవద్దు. కన్నవారి వివరాలు, వదులుకున్న కారణాలు పాపకు చెందిన సంగతులు. తనకు తెలియనివేవీ అన్నయ్యకు ముందుగా తెలియకూడదు. పైన రాసిన పెద్దమనిషికి తగిలిన దెబ్బ సరిగ్గా అక్కడిదే. ఎత్తు రాసిన కాగితం ఒక్కటే బయటకు తీయండి.

జవాబు 4: ఒక నాన్న

మాకూ ఇద్దరున్నారు, దత్తత బాబు పెద్దవాడు, పుట్టిన పాప చిన్నది. ఎవరైనా "మీరు పుణ్యం కట్టుకున్నారు" అని పిల్లల ముందు అన్నప్పుడు వెంటనే, వినయంగానే, "వీడు మా అబ్బాయండి, పుణ్యం ప్రసక్తి లేదు" అంటాను. ఆ మాట విన్న పిల్లవాడు తాను ఒకరి దయ మీద బతుకుతున్నానని అనుకుంటాడు. పక్కనే విన్న చెల్లెలు తనకు లేని రుణమేదో అన్నకు ఉందని అనుకుంటుంది. అలాగే "పెంపుడు కొడుకు" అన్న మాట మా ఇంట్లో వాడము. కుక్కకూ పిల్లికీ ముందు చేర్చే మాటను బిడ్డ ముందు చేర్చడం నాకు మనస్కరించదు.

ఇద్దరి తల్లి (తిరిగి రాస్తున్నది)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పది రోజుల తర్వాత రాస్తున్నాను.

బాబుతో ఒంటరిగా కూర్చుని, "ఎవరినీ ఎక్కడికీ పంపించం, నిన్నూ పంపించం" అని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను ఫెయిలైనా?" అని అడిగాడు. ఆ అక్కగారు రాసిన భయం వాడిలో ఉందని నాకు అప్పుడు తెలిసింది. అరగంట ఏర్పాటు మొదలైంది. మొదటి మూడు రోజులు పాప తలుపు బయట గొంతు పోయేలా ఏడ్చింది. నిన్న మాత్రం తలుపు కింది సందులోంచి ఒక్కొక్కటిగా రంగు పెన్సిళ్లు లోపలికి తోసింది.

ఫైలులో ఎత్తు ఒక్కచోటే ఉంది, పద్నాలుగో నెలలో, 71 సెంటీమీటర్లు. ఆ కాగితం మీద మిగతా భాగాన్ని మడిచి, అంకె ఒక్కటే బాబుకు చూపించాను. వాడు టేపుతో నేల నుంచి రెండుసార్లు కొలిచి, పాప వైపు చెక్క మీద గీత గీశాడు. మిగతా గీతలన్నీ పెన్సిల్‌వి కాబట్టి ఇది వేరే రంగులో ఉండాలని పాప పట్టుబడితే, ఆకుపచ్చ రంగు వేశాడు. తేదీ కూడా వాడే రాశాడు. పాప ఆ గీత పక్కన కూర్చుని, దాని మీద అరచెయ్యి ఆనించి, "ఎవరు కొలిచారు?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. "నిలబెట్టి కొలిచారా, పడుకోబెట్టి కొలిచారా?" అని బాబు అడిగాడు. అది కూడా కాగితంలో లేదు. వాళ్లిద్దరూ దాని గురించి చాలాసేపు వాదించుకున్నారు.