లా ఫెనీచేకి 1792 అని వయసు వేయడం సరైనదేనా?

రాతిగోడ:
వెనిస్‌లోని ఈ ఒపెరా హాలు గురించి ఎక్కడ చూసినా "1792 నాటిది" అనే ఉంటుంది. అప్పట్లో వాస్తుశిల్పి సెల్వా కట్టిన హాలు 1836 డిసెంబరులో కాలిపోయింది. మెదూనా సోదరులు సుమారు ఏడాదిలో లేపిన రెండోది 1996 జనవరి 29 రాత్రి బూడిదైంది. ఇప్పుడున్నది పాతదానిలాగే కట్టి 2003 డిసెంబరులో తెరిచినది. ఇందులో 1792 ఎక్కడుంది?

కళాపోషి:
ముందుగోడలో ఉంది. రెండు మంటల్లోనూ అది నిలిచింది. కాలింది లోపలి భాగమే.

రాతిగోడ:
ముందుగోడ చూడటానికి టికెట్ కొంటారా ఎవరైనా?

మూడోగంట:
ఫొటో దిగడానికైతే టికెట్ అక్కర్లేదు 😀

నాదబిందు:
తేదీ సంగతి అలా ఉంచండి. పల్చటి చెక్క పలక వెనక గాలి ఖాళీ ఉంటే అది కంపిస్తూ మంద్ర స్వరాలను కొంత మింగేస్తుంది. అదే పలకను గోడకు గట్టిగా బిగిస్తే తిప్పికొడుతుంది. కుర్చీల మెత్తలు మందమైతే పై స్వరాలు చప్పబడతాయి. పాత ఫొటోలు చూసి బంగారు పూత దించొచ్చు. పలక మందం, వెనక ఖాళీ, బిగింపుల ఎడం ఫొటోలో కనబడవు. "అచ్చు అలాగే కట్టారు" అనేవాళ్లు ముందు వీటి లెక్క చెప్పాలి.

కళాపోషి:
వెనిస్‌లోనే 1902లో కూలిన సాన్ మార్కో గంటగోపురాన్ని 1912 నాటికి ఉన్నచోటే, ఉన్నట్టే నిలబెట్టారు. దాన్ని ఎవరూ నకలు అనరు. రాతిగోడ గారికి ఏది కట్టినా నకలే. ఇక మొహెంజొదారోలో తప్ప ఎక్కడా చరిత్ర లేదేమో!

రాతిగోడ:
వెటకారం ఎందుకండీ? నకలు కట్టారని కాదు నా బాధ. "ఉన్నట్టే కట్టాం" అనగానే ఎందుకు కాలిందో అడిగేవాడుండడు. 1996లో మరమ్మతు పని ఆలస్యమైతే పడే జరిమానా తప్పించుకోవడానికి ఇద్దరు ఎలక్ట్రీషియన్లే నిప్పు పెట్టారని కోర్టు తేల్చింది. పూడిక తీయడానికి పక్క కాలువలో నీళ్లు తోడేసి ఉన్నాయి, అగ్నిమాపక పడవలు దగ్గరికి రాలేకపోయాయి. రెండేళ్ల ముందు, 1994లో, బార్సిలోనాలోని లిసేయు ఒపెరా హాలు కూడా మరమ్మతుల్లోనే కాలింది. మంటను ఆపాల్సిన ఇనుప తెరనే బాగుచేస్తుంటే నిప్పురవ్వలు ఎగిరి తెరగుడ్డ అంటుకుంది. పాత హాళ్లకు గండం ప్రదర్శన రోజున కాదు, మేస్త్రీలు దిగిన రోజున.

నాదబిందు:
ఇది నిజం. అమెరికాలో అగ్నిభద్రత ప్రమాణాలు రాసే ఎన్ఎఫ్‌పీఏ సంస్థ నిబంధన ప్రకారం వెల్డింగ్ చోటు నుంచి 11 మీటర్ల లోపు కాలే సరుకు ఉండకూడదు. కదపలేనిదైతే మంట అంటని గుడ్డ కప్పాలి. పని ఆగాక కనీసం గంట కాపలా ఉండాలి. రవ్వ పడగానే మంట రాదు, మడతల్లో దూరి రాజుకుంటుంది. పనివాళ్లు సామాను సర్దుకుని వెళ్లాక లేస్తుంది.

కళాపోషి:
ఇదంతా మొదట్లోనే చెప్పొచ్చుగా? వయసు పేచీ ఎందుకు పెట్టినట్టు?

రాతిగోడ:
1792 ఒక్కటే రాస్తే 1836, 1996 కనబడవు గనక. అన్ని తేదీలూ రాయండి, పక్కన కారణాలు రాయండి.

కళాపోషి:
రాయండి, కాదన్నదెవరు? 1792 మాత్రం పైవరసలోనే ఉంటుంది.