హిట్లర్ రాజకీయం మానుకున్నాడని నాటిక రాస్తే మలుపు ఏ సంవత్సరంలో పెట్టాలి?

ప్రశ్న (ఒంగోలు నుంచి)

అందరికీ నమస్కారం. పరిషత్తు పోటీలకు ఒక నాటిక రాస్తున్నాను. హిట్లర్ రాజకీయాలను విడిచిపెట్టి కళల వైపు వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదన్నది ఇతివృత్తం. ఇటువంటి కల్పనలు చాలావరకు 1907లో వియన్నా లలితకళా అకాడమీ అతడికి సీటు ఇచ్చినట్టు మొదలవుతాయి. నాకు అది రుచించలేదు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి సీటు దొరికితే అతడు రాజకీయాల్లోకి రానే రాడు; రానివాడు విడిచిపెట్టేది ఏముంటుంది? అధికారం రుచి కొంత తెలిశాక వెనుదిరగాలి, అది చూసేవారికి నమ్మదగినట్టుగానూ ఉండాలి. చిన్న నాటిక కనుక మలుపు ఒక్కటే పెట్టగలను. ఎక్కడ పెట్టమంటారు? అతడు లేని జర్మనీ 1933 నాటికి ఎలా ఉండేదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కావలి నుంచి)

1921 జూలైలో పెట్టండి. అక్కడ మీరు కల్పించవలసింది సగమే. ఆ నెల 11న హిట్లర్ నిజంగానే నాజీ పార్టీకి రాజీనామా ఇచ్చాడు. తాను బెర్లిన్‌లో ఉన్న సమయంలో పార్టీ పెద్దలు ఇతర బృందాలతో కలిసిపోయే మంతనాలు సాగించారన్నది అతడి కోపం. సభలకు జనాన్ని రప్పించేది అతడి ఉపన్యాసమే కనుక, అధ్యక్షుడు ఆంటన్ డ్రెక్స్‌లర్ చివరకు దిగివచ్చాడు. 29న జరిగిన ప్రత్యేక సమావేశం అతడిని సర్వాధికారాలతో అధ్యక్షుడిని చేసింది. అలిగి వెళ్లినవాడిని బతిమాలి తెచ్చుకుని, పెత్తనమంతా చేతిలో పెట్టారన్నమాట. కార్యవర్గంలో ఒక్కరు గట్టిగా ‘పోతే పోనివ్వండి’ అని ఉంటే మీ నాటిక అక్కడ మొదలవుతుంది.

1924 జూలైలో, లాండ్స్‌బెర్గ్ జైలులో ఉండగా, తాత్కాలికంగా రాజకీయాల నుంచి తప్పుకుంటున్నట్టు అతడు ప్రకటించిన మాట కూడా నిజమే. అయితే అప్పటికే 1923 నవంబరులో అతడు నడిపిన తిరుగుబాటు, దానిపై జరిగిన విచారణ అతడి పేరును దేశమంతా మోగించాయి. అంత పేరు వచ్చినవాడు గమ్మున బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాడంటే మన ప్రేక్షకులు ఒప్పుకోరు.

జవాబు (నెల్లూరు నుంచి)

మలుపు సంగతి మాస్టారు చెప్పారు. డ్రాయింగు నేర్పేవాడిగా నేను కుంచె సంగతి చెబుతాను. దయచేసి అతడిని లోకం గుర్తించని మహాచిత్రకారుడిగా మాత్రం చూపకండి. 1907లో అతడు ప్రవేశ పరీక్ష తొలి దశ దాటినా, సమర్పించిన బొమ్మల్లో మనుషుల తలలు తక్కువగా ఉన్నాయని తిరస్కరించారు. 1908లో అసలు పరీక్షకే రానివ్వలేదు. ఆ నీటిరంగుల బొమ్మల నకళ్లు చూస్తే కారణం తెలిసిపోతుంది. కిటికీలు, కమానులు, గోపురాలు శ్రద్ధగా కొలిచినట్టు ఉంటాయి; వీధిలో నడిచే మనిషి మాత్రం గోడకు అంటిన మరకలా మిగిలిపోతాడు. కార్డుల్లోని దృశ్యాలు చూసి గీసిన ఆ బొమ్మలను మొదట్లో హానిష్ అనే సహవాసి తిరిగి అమ్మిపెట్టేవాడు. కొన్నవారిలో సామ్యూల్ మోర్గెన్‌స్టెర్న్ వంటి యూదు ఫ్రేముల వ్యాపారులు ఉన్నారన్నది నాటికలో వదలకూడని విషయం.

కనుక అతడిని కాన్వాసు ముందు కూర్చోబెట్టకుండా నాటకశాలకు పంపండి. వాగ్నర్ సంగీతరూపకాలంటే అతడికి పిచ్చి, చేయి తిరిగింది భవనాల గీతలో. తెరలు, సెట్లు వేసే పని అతడికి అతుకుతుంది. మీ రంగస్థలం మీద చూపడానికీ అదే వీలు.

జవాబు (కందుకూరు నుంచి)

1933 గురించి ఒక హెచ్చరిక. అతడొక్కడు తప్పుకుంటే జర్మనీ చల్లగా ఉండేదని రాస్తే అది చరిత్రకు అన్యాయం. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ మీద రుద్దిన వెర్సాయ్ సంధి మీది కసి, 1929 ఆర్థిక సంక్షోభం, 1932 నాటికి సుమారు 60 లక్షల నిరుద్యోగులు, ఇవేవీ అతడు తెచ్చినవి కావు. 1930 నుంచే అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అత్యవసర ఉత్తర్వులతో పాలన నడిపించాడు. 1932 జూలైలో చాన్సలర్ పాపెన్ జర్మనీలోని అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యా ప్రభుత్వాన్ని ఊడబెరికాడు. కాబట్టి సైన్యం అండతో ఏదో ఒక నియంతృత్వం వచ్చే అవకాశం బాగా ఉండేదని నా అభిప్రాయం. అయితే 1928లో 2.6 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీ 1932 జూలైలో 37.3 శాతానికి చేరడం, ఆపై ప్రపంచయుద్ధం, 60 లక్షల మంది యూదుల సంహారం మరొకరి చేతిలో ఇదే తీరుగా జరిగేవని నేను అనలేను. మీ రెండో రంగంలో పాపెన్‌ను, సైనికాధికారులను చూపండి, పేదరికాన్ని చూపండి. పూలతోటలు మాత్రం చూపకండి.

ఒంగోలు నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. 1921 జూలైనే ఖాయం చేసుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది: డ్రెక్స్‌లర్ తరఫున రాజీ మాట్లాడింది ఎవరు? ఆ మనిషినే మలుపుకు వాడుకోవాలని ఉంది.

కావలి నుంచి

డీట్రిచ్ ఎకార్ట్. మీకు పనికొచ్చే సంగతేమిటంటే ఆయన నాటకకర్త. ఇబ్సెన్ ‘పీర్ గింట్’కు ఆయన చేసిన జర్మన్ అనుసరణ 1914లో బెర్లిన్‌లో ప్రదర్శితమై బాగా ఆడింది. రాజీకి వెళ్లిన ఎకార్ట్ ‘పార్టీకి తిరిగి రా’ అనడానికి బదులు ‘నా నాటకానికి సెట్లు వేయి’ అన్నాడని రాయండి. కాకపోతే ఎకార్ట్ కూడా పచ్చి యూదు ద్వేషి. నాటకశాలలో చేరినంత మాత్రాన హిట్లర్ మనసు మారినట్టు రాయకండి. తెరకు రంగు పూస్తూ కూడా పక్కవాడి చెవిలో ఆ విషమే పోస్తుండాలి, పక్కవాడు మాత్రం అతడి మాట పట్టించుకోక గోడకు మేకు కొట్టుకుంటుండాలి.