చర్చ: హత్యను దొంగతనంలా చూపించారని గది చూసి తేల్చేయవచ్చా?

తెరిచిన_సొరుగు: తేల్చవచ్చనే నా వాదన. పని తెలిసిన దొంగ సొరుగులు కిందినుంచి పైకి తెరుస్తాడు, ఒక్కోటీ మూసే పని తప్పుతుంది కాబట్టి. నాటకమాడేవాళ్లు ప్రతి సొరుగూ కాస్త లాగి, బట్టలు చిందరవందర చేసి, నగలు అక్కడే వదిలేస్తారు. కిటికీ గాజు బయట పడి ఉంటుంది, అంటే లోపలినుంచే కొట్టారని. ఈ మూడూ కలిస్తే ఇంకేం కావాలి?

గాజుపలుకు: గాజు సంగతి సగం తప్పండీ. దెబ్బ పడ్డప్పుడు ఎక్కువ గాజు దెబ్బ దిశలోనే పోయినా, సన్నని పలుకులు కొట్టినవాడి వైపూ ఎగిరొస్తాయి. అంచేత బయట గాజు కనిపించడం మామూలే. దిశ తెలిసేది ముక్క అంచులో. దెబ్బ తగిలిన చోటినుంచి కిరణాల్లా సాగిన పగులు అంచు చూడండి, విల్లులా వంగిన గీతలుంటాయి. అవి దెబ్బ తగలని ముఖాన్ని నిట్టనిలువుగా తాకుతాయి. వలయాల్లా వచ్చిన పగుళ్లలో ఇది తలకిందులు. ఏ పగులు ఏదో తేల్చకుండా చదివితే దిశ తారుమారవుతుంది. అందుకే చట్రంలో మిగిలిన ముక్కలు ఊడదీయకముందే లోపలివైపు గుర్తు పెట్టాలి. చిన్న చిన్న ముక్కలుగా రాలే టెంపర్డ్ గాజుకి (వేడిచేసి గట్టిపరిచిన గాజు) ఈ పద్ధతి పనికిరాదు.

అంతా సరిగ్గా చదివినా, హంతకుడే బయటికెళ్లి కొట్టి ఉండొచ్చుగా? అందుకే నాకు దిశకన్నా వరుస ముఖ్యం. ఏది కింద, ఏది పైన? చెల్లాచెదురైన బట్టల మీద గాజుంటే గది చిందరవందరయ్యాకే కిటికీ అద్దం పగిలింది. గాజు ముక్క ఎత్తితే కింద రక్తపు చుక్క చెదరకుండా ఆరి ఉంటే, రక్తం ఆరాకే ఆ ముక్క అక్కడికొచ్చింది. చుక్క ముక్క పైముఖాన ఉంటే అద్దమే ముందు పగిలి ఉండొచ్చు.

నీలిమచ్చ: శవాన్నీ కలపండి. రక్తం కిందికి దిగి ఏర్పడే మచ్చలు సాధారణంగా 6 నుంచి 12 గంటల్లో స్థిరపడతాయి, అంటే ఆ తర్వాత శవాన్ని తిప్పినా చోటు మారవు; వేడి, చలిని బట్టి ఆ సమయం అటూఇటూ అవుతుంది. వెల్లకిలా దొరికిన శవానికి ఛాతీ, పొట్టమీద స్థిరపడిన మచ్చలుంటే గంటల తరబడి బోర్లా ఉందన్నమాట.

తెరిచిన_సొరుగు: ఆ శవాన్ని వైద్య సిబ్బంది తిప్పి ఉండొచ్చు. గాజు కూడా వాళ్ల కాళ్లకింద జరిగి ఉండొచ్చు. మీ వరుస మాత్రం నమ్మకమా?

నీలిమచ్చ: తిప్పినా ముందరి మచ్చలు అబద్ధమాడవు, తిప్పకముందు బోర్లా ఉందనే చెబుతాయి. ఎవరు, ఎప్పుడు తిప్పారన్నది మాత్రం సిబ్బందిని విడివిడిగా అడిగి రాసుకోవాలి.

గాజుపలుకు: గాజు విషయంలో మీ అనుమానం న్యాయమే. అందుకే ఎవరు ఎక్కడ అడుగేశారో తెలియని చోట నేల మీది గాజుతో వరుస చెప్పకూడదు. సొరుగుల లెక్క మాత్రం అంతకన్నా బలహీనం. అలవాటు లేని దొంగ, మత్తులో ఉన్నవాడు, చప్పుడుకి జడిసి నగలు వదిలి పారిపోయినవాడు కూడా మీరు చెప్పినట్టే చేస్తారు. ‘దొంగ ఇలా చేయడు’ అన్న ఒక్క మాటతో, అప్పుడే మనిషిని పోగొట్టుకున్న భర్తనో కొడుకునో ముద్దాయిని చేయడం ఘోరం. అది ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే. ప్రతి ముక్కకీ రెండు ఫొటోలు కావాలి: ఎత్తకముందు స్కేలుతో ఒకటి, ఎత్తాక దాని కింది నేలది ఒకటి. రెండోది తీయకపోతే వరుస గురించి మాట్లాడటానికే ఉండదు.