స్ట్రోక్ ఇంజెక్షన్‌కి ఇంట్లోవాళ్ళ సంతకం అడగడం న్యాయమేనా?

వేదవతి:
మూడు వారాల కిందట మా అత్తగారికి స్ట్రోక్ వచ్చింది. మూతి పక్కకి లాగింది, మాట ముద్దగా వస్తోంది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాచమన్నారు. కుడిచెయ్యి నిలబడింది. ఎడమచెయ్యి మెల్లమెల్లగా జారి దుప్పటి మీద వాలిపోయింది. ఆవిడేమో "చాలా, ఇంకా పట్టుకోనా?" అని అడుగుతున్నారు. చెయ్యి పడిపోయిన సంగతి ఆవిడకే తెలియలేదు.

సీటీ తీసి, రక్తస్రావం లేదు, గడ్డ అడ్డుపడ్డ స్ట్రోకే అన్నారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తాం, మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం కూడా ఉంది, సంతకం పెట్టండి అని ఫారం చేతికిచ్చారు. మా ఆయన ప్రయాణంలో ఉన్నారు, ఫోన్ కలవలేదు. రేపు ఏమన్నా అయితే "కోడలు సంతకం పెట్టింది" అంటారేమోనని పావుగంట పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. చివరికి పెట్టాను. ఇప్పుడు ఆవిడ నడుస్తున్నారు. ఎడమచేత్తో గ్లాసు పట్టుకోవడమే ఇంకా కుదరడం లేదు.

అంత తొందరలో, ఏమీ తెలియని మాలాంటివాళ్ళని సంతకం అడగడం న్యాయమేనా? మంచిదని తెలిసినప్పుడు డాక్టర్లే ఇచ్చేయకూడదా?

సుభద్ర:
మీరు పెట్టారు కాబట్టే ఆవిడ నడుస్తున్నారు. ఆ పావుగంట మర్చిపోండమ్మా.

కోదండం:
మీది పావుగంట. మాది గంటన్నర. ముగ్గురు అన్నదమ్ములం. పెద్దన్నయ్య వద్దన్నాడు. రెండోవాడు తెలిసిన డాక్టర్ని అడుగుదామన్నాడు. నేను చిన్నవాణ్ణి, నా మాట ఎవరూ వినలేదు. ఆ తెలిసినాయన ఫోన్ ఎత్తేసరికి, స్ట్రోక్ మొదలయ్యాక ఇంజెక్షన్ ఇవ్వడానికి ఉన్న నాలుగున్నర గంటల గడువు దాటిపోయింది. నాన్న నాలుగేళ్ళు మంచంలోనే ఉన్నారు. ఒక్క మాట రాలేదు. నీళ్ళు కావాలన్నా మంచం పట్టెని వేలితో కొట్టేవారు.

మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుంటే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్కకట్టారు. గంటన్నరకి ఎన్నో నేను గుణించుకున్నాను. ఆ సంఖ్య ఇక్కడ రాయలేను.

నా మాట ఒకటే. సంతకం తీసేయాలి. ఊపిరి ఆగినవాడి గుండె నొక్కడానికి సంతకం అడుగుతారా?

లెక్క తప్పదు:
కోదండం గారూ, మీ బాధ కాదనను. కానీ సంతకం తీసేయమనే ముందు ఒక సంఖ్య చూడండి. 6.4.

ఈ మందుకి దారి తీసిన ట్రయల్ ఎన్‌ఐఎన్‌డీఎస్, 1995. స్ట్రోక్ మొదలైన మూడు గంటల్లోపు వచ్చిన 624 మంది. ఆల్టెప్లేజ్ (ఈ గడ్డ కరిగించే ఇంజెక్షన్ పేరు) పడినవాళ్ళలో, 36 గంటల్లోపు మనిషి పరిస్థితి దిగజారేలా మెదడులో రక్తస్రావం అయినవాళ్ళు 6.4 శాతం. ఉత్తుత్తి మందు పడినవాళ్ళలో 0.6 శాతం. పది రెట్లకి పైనే.

ఫారంలో "రక్తస్రావం జరిగే అవకాశం ఉంది" అని ఒక వాక్యం ఉంటుంది. ఎంత అవకాశం? వెయ్యిలో ఒకరికా, పదిహేనుమందిలో ఒకరికా? మాకు ఆ 6.4 ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా పెట్టించుకున్న సంతకం నా దృష్టిలో సంతకమే కాదు.

రాత్రి డ్యూటీ:
నేను న్యూరాలజీలో పనిచేస్తాను. లెక్క తప్పదు గారూ, మీ సంఖ్య నిజమే. అదే ట్రయల్లో మూడు నెలల తరవాత వైకల్యం లేకుండానో, ఉన్నా పనులకి అడ్డురానంత స్వల్పంగానో మిగిలినవాళ్ళు మందు పడిన గుంపులో 39 శాతం, పడని గుంపులో 26 శాతం. చనిపోయినవాళ్ళు 17, 21. రక్తస్రావంతో పోయినవాళ్ళు కూడా ఆ 17లోనే ఉన్నారు. మరణాల్లో ఆ తేడాని లాభంగా చెప్పుకోలేం, అంత బలమైన తేడా కాదు. కానీ మందు వల్ల మొత్తం మీద చావులు పెరగలేదని మాత్రం కనబడుతోంది.

వేదవతి గారూ, రోగి చెప్పలేని స్థితిలో ఉండి, తరఫున చెప్పేవాళ్ళు ఎవరూ దొరక్కపోతే, సంతకం లేకుండానే ఇవ్వడం సమ్మతమే. మనిషి పక్కనే ఉంటే మాత్రం అడగకుండా ఇవ్వడం నాకు మనసొప్పదు.

పదహారణాలు:
సీటీలో ఏమీ కనబడలేదన్నాక కూడా స్ట్రోక్ అని ఎలా చెప్తారు?

రాత్రి డ్యూటీ:
పదహారణాలు గారూ, మొదటి గంటల్లో గడ్డ స్ట్రోక్ సీటీలో చాలాసార్లు కనబడదు. సీటీ తీసేది ముఖ్యంగా రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. మిగతాది మనిషిని చూసి చెప్తాం. షుగర్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే ఉండొచ్చు, అందుకే ముందు వేలు గుచ్చి షుగర్ చూస్తాం.

లెక్క తప్పదు:
డాక్టరు గారూ, మందు పనిచేస్తుందా అని నేను అడగలేదు. 6.4 నోటితో చెప్తారా, చెప్పరా? అది చెప్పండి.

పనిచేస్తుందన్నదీ మీరన్నంత తేలిగ్గా తేలిన విషయం కాదు. మూడు నుంచి నాలుగున్నర గంటల వరకూ ఇవ్వొచ్చని చెప్పిన ఈకాస్-3 అనే ట్రయల్ (2008, 821 మంది) మందు కంపెనీ డబ్బుతో నడిచింది. బాగా కోలుకున్నవాళ్ళు మందుతో 52.4 శాతం, మందు లేకుండా 45.2 అన్నారు. 2020లో వేరేవాళ్ళు అదే డేటా తీసి, రెండు గుంపుల్లో మొదట్లోనే ఉన్న తేడాలు సరిచేసి చూస్తే ఆ లాభం నిలబడలేదు. ఐఎస్‌టీ-3 అనే ఇంకో ట్రయల్లో, 2012లో, మూడు వేలమందికి పైగా ఉన్నారు. మొదటి ఏడు రోజుల్లో మందు పడినవాళ్ళలో 11 శాతం పోయారు, పడనివాళ్ళలో 7 శాతం. ఇవి ఏ ఫారంలో ఉన్నాయి?

సుభద్ర:
ఇన్ని సంఖ్యలు ఆ గదిలో, ఆ కంగారులో ఎవరికి ఎక్కుతాయండీ?

రాత్రి డ్యూటీ:
ఐఎస్‌టీ-3 సగం చెప్పి ఆపేశారు. ఆరు నెలలకి రెండు గుంపుల్లోనూ చనిపోయినవాళ్ళు 27 శాతమే. మందు కొన్ని చావుల్ని ముందుకి జరిపింది, మొత్తం లెక్క పెంచలేదు. ఈకాస్-3 మీద వచ్చిన విమర్శ నిజమే, దాన్ని నేను దాచను. ఎన్‌ఐఎన్‌డీఎస్ మీదా అలాంటి అనుమానమే వస్తే స్వతంత్ర కమిటీతో మళ్ళీ లెక్క కట్టించారు, అక్కడ లాభం నిలబడింది. ఒక్కటి మాత్రం ట్రయళ్ళన్నీ కలిపి చూసినా మారలేదు. ఎంత ముందు ఇస్తే అంత మేలు.

ఇక నేనేం చెప్తానంటారా. "నూరుమందికి ఇస్తే ఆరుగురి వరకూ మెదడులో రక్తస్రావం కావచ్చు, కొందరు దాంతోనే పోతారు. ఇవ్వకపోతే వైకల్యంతో మిగిలేవాళ్ళు అంతకంటే ఎక్కువ. మా అమ్మయితే నేను ఇప్పిస్తాను." ఇంతే. అరనిమిషం పట్టదు. ఈ మాటలు అనని డాక్టర్లు ఉన్నారు, ఒప్పుకుంటాను. కానీ మీరిలా 6.4ని ఒంటరిగా నిలబెట్టి రాస్తే, రేపు ఇది చదివిన ఒక కొడుకు అదే సంఖ్య తలుచుకుని పెన్ను కింద పెట్టేస్తాడు. దానికి బాధ్యులెవరు?

నిలకడ:
ఇప్పుడు తీగ పంపి గడ్డనే బయటికి లాగేస్తున్నారట కదా, ఇంకా ఈ ఇంజెక్షన్ గొడవెందుకు?

రాత్రి డ్యూటీ:
నిలకడ గారూ, అది పెద్ద నాళం మూసుకున్నవాళ్ళకి. 2015లో ఎమ్మార్ క్లీన్ ట్రయల్లో తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళు 32.6 శాతం, మామూలు వైద్యంలో 19.1. స్కాన్‌లో కాపాడదగ్గ మెదడు మిగిలుందని తేలినవాళ్ళకి 24 గంటల దాకా మేలు చేస్తుందని 2018లో డాన్ ట్రయల్ చూపించింది. చిన్న నాళాల దాకా తీగ వెళ్ళదు, వాటికి ఇంజెక్షనే. తీగ వేసేవాళ్ళకి కూడా, వీలైతే ఇంజెక్షన్ ముందే ఎక్కిస్తాం.

కోదండం:
డాక్టరమ్మ మెత్తగా చెప్పారు, నేను చెప్పలేను. లెక్క తప్పదూ, మా పెద్దన్నయ్య అచ్చం మీలాగే మాట్లాడాడు. "ఎంత శాతం, రాసివ్వండి, ఎవరు పూచీ" అని. ఆ శాతాలు అడిగినంతసేపూ లోపల మా నాన్న మాట చచ్చిపోతోంది. 2014లో అమెరికాలో యాభై దాటినవాళ్ళని అడిగితే, స్ట్రోక్ వస్తే ఈ మందు కావాలన్నవాళ్ళు 76 శాతం. గుండె ఆగితే నొక్కమన్నవాళ్ళూ దాదాపు అంతమందే. అంటే రోగికి ఏం కావాలో తెలుసు. అడ్డుపడేది మీలాంటి కొడుకులే. మీ నాన్నని కూడా ఇలాగే లెక్కలతో కూర్చోబెట్టారా?

పదహారణాలు:
కోదండం గారూ, ఆ చివరి మాట వద్దు.

లెక్క తప్పదు:
కూర్చోబెట్టలేదు. రెండు నిమిషాల్లో సంతకం పెట్టాను. ఫారం చదవనే లేదు.

2013. పొద్దున్న ఏడున్నరకి నాన్న మంచం అంచున కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి వేలాడుతోంది, మాట లేదు. గబగబా తీసుకెళ్ళాం. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పుడు మొదలైంది?" "ఆరింటికి లేచారండీ, అప్పుడు బాగానే ఉన్నారు" అన్నాను. ఆరింటికి స్నానాలగదిలో కుళాయి చప్పుడు విన్నాను. రోజూ ఆ వేళకి లేచేది నాన్నే. వాళ్ళు ఆరు అని రాసుకున్నారు. ఎనిమిదిన్నర లోపే ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ రాత్రికే మెదడులో రక్తస్రావం. మూడోరోజు పోయారు.

పదకొండో రోజున చెల్లెలు మాటల్లో చెప్పింది. ఆవేళ నీళ్ళ కోసం లేచింది తనట. కుళాయి తిప్పింది తనట. అంటే నేను నాన్నని బాగా ఉండగా చూసింది ముందురోజు రాత్రి పదింటికి.

చెల్లెలికి ఇది ఇప్పటికీ తెలియదు. ఆ తరవాత నేను ఈ ట్రయళ్ళన్నీ చదివాను. ఫారంలో 6.4 ఉండి ఉంటే భయపడి ఆగేవాణ్ణి, ఆగి ఆలోచిస్తే "నేను చూడలేదండీ, చప్పుడు విన్నాను" అనేవాణ్ణి. అందుకే పట్టుబడుతున్నాను. సంతకం అడగడం ఎవరికీ భారం కాదు. ఆ సంతకం కింద ఏముందో చెప్పకపోతే మాత్రం జీవితాంతం మోయాలి.

కోదండం:
అన్నా, తప్పయింది. చివర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సంతకం మీద మాత్రం నా మాట మారదు. మీరు పెట్టి మోస్తున్నారు, మా పెద్దన్నయ్య పెట్టక మోస్తున్నాడు. నాన్న పోయాక ఎవరైనా ఆ విషయం ఎత్తితే వాడు లేచి వెళ్ళిపోతాడు. అసలు ఆ కాగితం మా చేతికి ఎందుకివ్వాలి?

వేదవతి:
నేను అడగాలనుకున్నది ఇదే కాబోలు. పెన్ను పట్టుకున్నప్పుడు నాకు మందు గురించి భయం లేదు, మా ఆయన మొహం ఎలా చూడాలన్నదే భయం. లెక్క తప్పదు గారూ, నన్ను కూడా "ఎప్పుడు మొదలైంది" అనే అడిగారు. నేను ఎదురుగానే ఉన్నాను కాబట్టి సరిపోయింది.

లెక్క తప్పదు:
డాక్టరు గారూ, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. చప్పుడు విన్నానని చెప్పి ఉంటే మీరు ఆపేవారా?

రాత్రి డ్యూటీ:
ఆపేదాన్ని. ఎవరూ చూడకపోతే చివరిసారి బాగా ఉన్నట్టు చూసిన సమయం నుంచే లెక్క, అంటే మీకు రాత్రి పది. 2013లో ఇంకో దారి లేదు. 2018లో వేక్-అప్ ట్రయల్ వచ్చాక, నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కి ఎమ్మారై తీసి చూస్తున్నాం. ఎమ్మారైలో ఒక రకం బొమ్మలో మచ్చ నిమిషాల్లోనే మెరుస్తుంది, ఇంకో రకంలో తెల్లబడడానికి గంటలు పడుతుంది. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే స్ట్రోక్ వచ్చి ఎక్కువసేపు కాలేదన్నమాట. అలా ఎంచి ఇస్తే 53.3 శాతం బాగుపడ్డారు, ఇవ్వకపోతే 41.8. అందులోనూ మందు పడినవైపు మరణాలు కొన్ని ఎక్కువే. అంటే మీ నాన్నగారు ఇప్పుడు వచ్చి ఉంటే, సమయం తెలియకపోయినా, ఎమ్మారై చూసి ఆ ఇంజెక్షనే ఇచ్చి ఉండేదాన్నేమో.

ఇంకో మాట. మీ 6.4 అంటే మందు పడిన 312 మందిలో 20 మంది. ఆ ట్రయల్లోకి మొదలైన సమయం కచ్చితంగా తెలిసినవాళ్ళనే తీసుకున్నారు. ఆ ఇరవైమందికీ మూడు గంటల్లోపే మందు పడింది, బీపీ చూశారు, స్కాన్ చూశారు. అయినా రక్తస్రావం అయింది. మీ నాన్నగారికి ఆలస్యం వల్ల అయిందో, ఆ ఇరవైమందికి అయినట్టే అయిందో, ఎవరూ చెప్పలేరు. ఆయన ఫైలు నా ముందు పెట్టినా నేను చెప్పలేను.

నేను కూడా ఇన్నాళ్ళూ "ఎప్పుడు మొదలైంది" అనే అడుగుతున్నాను. ఇకనించి "మీ కళ్ళతో చూసింది ఎప్పుడు" అని అడుగుతాను.

లెక్క తప్పదు:
ఆ ఇరవైమంది గురించి అలా ఎప్పుడూ అనుకోలేదు. పన్నెండేళ్ళుగా ఆ కాగితం నా దగ్గరే ఉంది.

6.4 ఫారంలో ఉండాలన్న మాట మీద ఉన్నాను. ఆదివారం చెల్లెలింటికి వెళ్తున్నాను.