ప్రెయరీ బంకమట్టిలో సోడియం: ఇది ఏ వర్గం నేల?

ప్రశ్న: కెనడాలోని సస్కాచివాన్ ప్రెయరీలో (గడ్డి మైదానంలో) గుంట తవ్వాను. పైన 12 సెంటీమీటర్ల మెత్తటి మట్టి. దాని కింద గుండ్రటి తలల స్తంభాలు, తలల మీద తెల్లపొడి. ఎండితే రాయి, తడిస్తే జిగురు. పీహెచ్ (ఆమ్ల, క్షార కొలత) చూసి ఇది ఏ వర్గమో తేల్చేయొచ్చా?

జవాబు: పీహెచ్ చాలదండీ. మట్టి రేణువులకు అంటుకుని, మార్పిడి అయ్యే కాల్షియం సోడియానికి ఎన్ని రెట్లుందో ఆ నిష్పత్తి చూడండి. స్తంభాలుండి, ఆ నిష్పత్తి 10 లేదా అంతకన్నా తక్కువైతే కెనడా నేలల వర్గీకరణ పద్ధతిలో సోలోనెట్జిక్, అంటే సోడియం ప్రభావమున్న నేల. స్తంభాల మీది ఆ తెల్లపొర మందం 2 సెంటీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువైతే అందులోనే సోలోడైజ్డ్ సోలోనెట్జ్ అనే ఉపవర్గం.

మరో జవాబు: బంకమట్టి కదా, ఒక్క నిమిషం! మీటరు లోపల నున్నగా, గీతలు పడి మెరిసే పలకలున్నాయా? బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతూ ఒరుసుకుంటే అవి ఏర్పడతాయి. ఉంటే వర్టిక్ సోలోనెట్జిక్ అనే ఉపవర్గం.

ప్రశ్న వేసిన వ్యక్తి: ఉన్నాయండీ! పార గీతలేమో అనుకున్నా. రేపు గోడను కత్తితో చెక్కి చూస్తా.