అప్‌డేట్: ఏకు మేకైన కథ

రెండు నెలల క్రితం ఒక ప్రశ్న అడిగాను, గుర్తుందా? పొందూరు దగ్గర బడిలో మా ఐదో తరగతి పిల్లలు గడగడా చదువుతారు, మాటకు అర్థం అడిగితే మాత్రం నేలచూపులు చూస్తారని. వారానికి 20 పదాలు, అర్థాలు రాయించేదాన్ని. సోమవారానికి అన్నీ ఆవిరి. పదాలు తగ్గించి, పిల్లల ఊళ్లో ఉన్నవాటితో మొదలుపెట్టమని చాలామంది చెప్పారు.

ఆరుకు దిగాను. మొదటిది ‘ఏకు’, అంటే నూలు వడకడానికి చుట్టిన మెత్తటి దూది. ‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’ అంటే తరగతి మొత్తం కొమ్ముల మేకనే ఊహించుకుంది! ఒక పిల్లవాడి నాయనమ్మ ఖద్దరు నూలు వడుకుతారు. ఆమె బడికి వచ్చి, దూదిని శుభ్రం చేసే వాలుగ చేప దవడ ఎముక, ఏకు, నూలు చుట్టుకునే కదురు చూపించారు. ఒక చేతిలో మెత్తటి ఏకు, మరో చేతిలో ఇనుప మేకు పెట్టాను. ఇక సామెతను నేను వివరించాల్సిన పని లేకపోయింది. చలికి వడకడం, నూలు వడకడం వేరని కూడా వాళ్లే చెప్పారు.

తర్వాత ‘జలం’ కుటుంబం: జలాశయం, జలపాతం, జలచరం. ఒక పాప ‘జలగ’ అంది. అందరూ నవ్వారు గానీ, సంస్కృతంలో ‘జలౌక’ అంటే నీరే ఇల్లుగా గలది. పాపే గెలిచింది.

గోడ మీది పదాల పట్టిక మాత్రం దండగ. అతికించిన రోజు తప్ప దానివైపు ఎవరూ చూడలేదు. సొంత వాక్యాలు ఇంకా పేలవంగానే ఉన్నాయి.

వచ్చే వారం గెడ్డ (మా వైపు చిన్న ఏరును ఇలా అంటారు), వాగు, ఏరు, నది.